మందు పనిచేసింది, పేరే తప్పు

మా మేడ్చల్ వైపు జ్వరానికి రెండే పేర్లు. మూడు రోజుల్లో తగ్గితే వైరల్, తగ్గకపోతే టైఫాయిడ్. వానలు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా ఏ గల్లీలోకి వెళ్లినా ‘మా పిల్లగానికి టైఫాయిడ్ అయింది’ అని చెప్పే తల్లి ఒకరైనా కనిపిస్తారు. ‘పోయిన నెల కూడా అదే అన్నరు’ అని పక్కింటావిడ అంటుంది. ‘మావోడికి మూడోసారి’ అని ఇంకొకావిడ. ఒకే పిల్లకు ఒకే ఏడాదిలో మూడుసార్లు, నాలుగుసార్లు టైఫాయిడ్ ఎందుకు వస్తోంది, అసలు వస్తున్నది అదేనా అని మాత్రం ఎవరూ అడగరు.

ఈ వారం ఆ ప్రశ్న గురించే రాస్తున్నాను. మా చెల్లెలి కూతురి వల్ల అది మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది. చెల్లెలు, మరిది ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పిల్ల పేరు, బడి పేరు, తిరిగిన దవాఖానల పేర్లు మాత్రం రాయను. ఎవరినో బజారుకీడ్చడం కోసం కాదు ఇది.

వాళ్లుండేది శామీర్‌పేట దగ్గర. మరిది జినోమ్ వ్యాలీలో ఒక కంపెనీలో పని చేస్తాడు. పిల్లకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. మేడ్చల్ నుంచి మాకు రింగు రోడ్డు మీద పావుగంట ప్రయాణం కాబట్టి ఏ కష్టమొచ్చినా ముందు నాకే ఫోన్ వస్తుంది. మొదటి ఫోన్ జూలైలో వచ్చింది.

“అక్కా, పిల్లకు జరం. నూటరెండున్నది. కడుపు పట్టుకొని ముడుసుకొని పన్నది.”

దగ్గర్లోని నర్సింగ్ హోంకు తీసుకెళ్లారు. రక్తం తీశారు. సాయంత్రానికి విడాల్ పాజిటివ్ అన్నారు. ఐదు రోజులు సెలైన్‌లో ఇంజెక్షన్లు. రెండో రోజుకే జ్వరం దిగింది. ఇంటికొచ్చాక పది రోజులు గంజి, ఇడ్లీ, కొబ్బరినీళ్లు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆగస్టు చివర్లో మళ్లీ అదే జ్వరం, అదే నొప్పి. మళ్లీ విడాల్, మళ్లీ పాజిటివ్, మళ్లీ ఇంజెక్షన్లు. అక్టోబరులో దసరా సెలవులైపోయి బడి తెరిచిన పదిహేను రోజులకు ఇంకోసారి. డిసెంబరులో నాలుగోసారి. ప్రతిసారీ మందు పడగానే జ్వరం తగ్గేది. ఐదారు వారాలు గడిచేసరికి తిరిగి వచ్చేది. మధ్యలో జ్వరం లేని రోజుల్లో కూడా పొద్దున్నే ‘కడుపుల నొస్తుంది’ అనేది. బడికి పోవడం ఇష్టం లేక నాటకాలాడుతోందని వాళ్ల నాయనమ్మ అంటే, దిష్టి తగిలిందని ఎదురింటావిడ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. పిల్ల బరువు ఆర్నెల్లలో అరకిలో కూడా పెరగలేదు.

చెల్లెలు మరీ చదువుకున్నది కాదు గానీ లెక్క గట్టిది. గోడ మీద క్యాలెండర్లో పాల లెక్క రాసే చోటే, జ్వరం వచ్చిన రోజున ‘జ’ అని, కడుపునొప్పి వచ్చిన రోజున ‘క’ అని రాసుకుంటూ వచ్చింది. ఏ మందు ఎన్ని రోజులు వాడారో కూడా పక్కనే రాసింది. తర్వాత మాకు దారి చూపించింది వేలకు వేలు పోసి చేయించిన పరీక్షల కాగితాలు కాదు, ఆ క్యాలెండరే.

విడాల్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

విడాల్ పరీక్ష ఇప్పటిది కాదు. 1896లో ఫ్రాన్స్‌లో ఫెర్నాండ్ విడాల్ అనే వైద్యుడు కనిపెట్టాడు. అది రక్తంలో టైఫాయిడ్ క్రిమిని వెతకదు. ఆ క్రిమి మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను, అంటే ఎప్పుడో జరిగిన పోరాటం తాలూకు ఆనవాళ్లను వెతుకుతుంది. 1:80, 1:160 అని రిపోర్టులో రాసేది ఆ ఆనవాళ్లు ఎంత గట్టిగా ఉన్నాయో చెప్పే లెక్క.

చిక్కు ఎక్కడుందంటే, మనలాంటి చోట నీళ్లలోనో తిండిలోనో ఆ జాతి క్రిములు ఎప్పుడో ఒకప్పుడు తగలని మనిషి తక్కువ. అందుకే జ్వరం లేనివాళ్ల రక్తంలో కూడా కొంత పాజిటివ్ రావచ్చు. పాత టైఫాయిడ్ వల్ల రావచ్చు. మలేరియా వంటి వేరే జ్వరాల్లోనూ రావచ్చు. నిజంగా టైఫాయిడ్ ఉండి, మొదటి వారంలోనే పరీక్ష చేస్తే నెగెటివ్ కూడా రావచ్చు. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, రెండోసారి నాలుగు రెట్లు పెరిగితే దానికి కొంత అర్థం ఉంటుంది. ఒక్కసారి చేసిన విడాల్ మీద ఆధారపడి జబ్బు పేరు ఖాయం చేయకూడదని వైద్య పుస్తకాలే చెప్తున్నాయి.

అసలు క్రిమిని పట్టుకునే పరీక్ష బ్లడ్ కల్చర్. తీసిన రక్తాన్ని ప్రత్యేకమైన సీసాలో ఉంచి, అందులో క్రిమి పెరుగుతుందేమో చూస్తారు. దానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అది కూడా తిరుగులేనిదేమీ కాదు. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లలోనూ దాదాపు సగం మందిలోనే క్రిమి దొరుకుతుంది. యాంటీబయాటిక్ వేశాక రక్తం తీస్తే ఆ కాస్త అవకాశం కూడా తగ్గిపోతుంది. అయినా దొరికితే పేరు ఖాయం, ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది.

మా పిల్లకు నాలుగుసార్లు విడాల్ చేశారు. బ్లడ్ కల్చర్ ఒక్కసారి కూడా చేయలేదు. జ్వరంతో కాలిపోతున్న పిల్లను ఒళ్లో పెట్టుకున్న తల్లికి ఆ రెండు పరీక్షలకు తేడా ఉందని ఎవరు చెప్తారు? పరీక్ష చేశాం, ఇదీ జబ్బు, ఇదీ మందు అంటే నమ్మక ఏం చేస్తుంది?

రెండు హైదరాబాదులు

ఇక్కడ మా ఊళ్ల గొప్ప ఒకటి చెప్పాలి. టైఫాయిడ్‌ను ఆపే టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొట్టమొదట ఆమోదించిన కాంజుగేట్ రకం టీకా తయారయ్యేది మా దగ్గరే. శామీర్‌పేట దాటి తుర్కపల్లి దగ్గర జినోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్ దాన్ని తయారు చేస్తుంది. టైప్‌బార్ టీసీవీ దాని పేరు. మన దేశంలో 2013 నుంచి ఉంది. ఆరు నెలలు నిండిన పసిపిల్లలకు కూడా వేయొచ్చు.

2016 చివర్లో పాకిస్తాన్‌లో, సింధ్‌లోని హైదరాబాద్ నగరంలో మందులకు లొంగని టైఫాయిడ్ పుట్టుకొచ్చింది. పాత మందులు పనిచేయలేదు. సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయలేదు. చివరికి, మన దగ్గర టైఫాయిడ్ అనగానే సెలైన్‌లో పెట్టే సెఫ్ట్రియాక్సోన్ కూడా పనిచేయలేదు. నోటితో వేసుకునే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అక్కడి పిల్లలకు వేసిన టీకా ఈ హైదరాబాద్ పక్కన తయారైందే. 2019 నవంబరులో పాకిస్తాన్ ఈ రకం టీకాను పిల్లల మామూలు టీకాల్లో చేర్చింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే.

ఇది చెప్పడం మురిసిపోవడానికి మాత్రమే కాదు. టైఫాయిడ్ నిజమైన జబ్బు, ప్రమాదకరమైన జబ్బు. దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పడం లేదు. కానీ టైఫాయిడ్ కాని ప్రతి జ్వరానికీ ఆ పేరు పెట్టి, దాని కోసం దాచుకోవాల్సిన మందులు పోస్తూపోతే రెండు నష్టాలు. ఊళ్లో క్రిములు మందులకు అలవాటు పడతాయి. ఇంట్లో పిల్లకున్న అసలు జబ్బు మందు చాటున దాక్కుంటుంది. మా ఇంట్లో జరిగింది రెండోది.

స్కానింగులో గ్రంథులు

జనవరిలో ఇంకో ఆసుపత్రికి వెళ్లారు. కడుపు స్కాన్ తీశారు. ‘మెసెంటరిక్ లింఫ్ నోడ్స్’ అని రిపోర్టు వచ్చింది. పేగుల దగ్గర గ్రంథులు వాచాయని, టీబీ అయ్యుండొచ్చని, ఆర్నెల్ల మందులు మొదలుపెడదామని అన్నారు. ఆ రాత్రి చెల్లెలు ఫోన్లో మాట్లాడలేకపోయింది. మరిదే ఫోన్ తీసుకుని, “వదినా, ఆడపిల్ల. రేపు ఎవరికన్నా తెలిస్తే ఏమంటరో” అన్నాడు. జబ్బు కంటే ముందు ఆ భయం పట్టుకుంది వాళ్లకు.

కడుపు టీబీ మన దగ్గర లేనిది కాదు. సన్నటి జ్వరం, బరువు తగ్గడం, కడుపునొప్పి దాని లక్షణాలే. కానీ పిల్లల కడుపులో చిన్న చిన్న గ్రంథులు కనిపించడం చాలా మామూలు. జలుబు చేసినా, విరేచనాలైనా, ఏ ఇన్‌ఫెక్షన్ సోకినా అవి కాస్త ఉబ్బుతాయి. వాటి పరిమాణం ఎంత, లోపల మెత్తబడ్డాయా, ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా ఉన్నాయా అన్నది చూడాలి. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని అడగాలి. ఛాతీ ఎక్స్‌రే, చర్మం మీద చేసే మాంటూ పరీక్ష చేయాలి. అవసరమైతే గ్రంథి నుంచి నమూనా తీసి చూడాలి. స్కాన్ రిపోర్టులోని ఒక్క మాట మీద ఆర్నెల్ల మందులు మొదలుపెట్టడం సరికాదు.

ఒకవేళ నిజంగా టీబీ అని తేలితే మాత్రం భయపడి దాచుకోకూడదు. మందులు సర్కారు ఉచితంగా ఇస్తుంది. తిండి ఖర్చుకు 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. సగంలో ఆపకుండా పూర్తిగా వాడితే తగ్గే జబ్బు అది.

ఇంకొకరి మాట కూడా విందామని పిల్లను నగరంలో ఒక పెద్ద సర్కారు దవాఖానకు తీసుకెళ్లాం. పొద్దున ఆరింటికి బయల్దేరితే మా వంతు వచ్చేసరికి పదకొండున్నర. ఇంకో వంద మంది బయట నిలబడి ఉన్నారు.

క్యాలెండర్ చదివిన డాక్టరమ్మ

లోపలున్న డాక్టరమ్మ ఫైలు తీసుకుని పక్కన పెట్టింది. “నువ్వు చెప్పమ్మా, మొదట్నుంచి” అంది చెల్లెలితో. చెల్లెలు సంచిలోంచి క్యాలెండర్ తీసి బల్ల మీద పరిచింది. డాక్టరమ్మ నెల నెలా తిప్పి చూసి, “దసరా సెలవుల్లో ఒక్క ‘క’ కూడా లేదేందమ్మా?” అని అడిగింది. అప్పటిదాకా మాలో ఎవరికీ రాని ప్రశ్న అది.

పిల్లను పడుకోబెట్టి కడుపు నొక్కి చూసింది. ఎడమ పక్కన కింద గట్టిగా ఉండలు తగులుతున్నాయని చెప్పింది. అది మలం. తర్వాత పిల్లతోనే మాట్లాడింది.

“దొడ్డికి రోజూ పోతవా బిడ్డా?”

పిల్ల తల అడ్డంగా ఊపింది.

“బడిల ఒంటేలుకు ఎన్నిసార్లు పోతవు?”

“పోను.”

“అస్సలు పోవా? పొద్దున ఎనిమిదింటికి పోయి నాలుగింటికి వస్తవు గదా?”

“ఇంటికొచ్చినంక పోతా. ఆడ వాసనొస్తది. తలుపుకు గొళ్లెం లేదు. నీళ్లు తాగకుంటే రాదు, అందుకే తాగను.”

డాక్టరమ్మ కాసేపు ఏమీ అనలేదు. పిల్ల ఆ మాట ఏదో రహస్యం చెప్పినట్టు చెప్పలేదు. చాలా మామూలుగా చెప్పింది. తన స్నేహితులంతా అంతేనట. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే.

తర్వాత ఆమె మాకు ఓపిగ్గా వివరించింది. మూత్రం గంటల తరబడి బిగబట్టి, నీళ్లు తక్కువ తాగితే మూత్రాశయంలో క్రిములు పెరగడానికి సమయం దొరుకుతుంది. దానికి తోడు మలబద్ధకం. పెద్దపేగు చివర గట్టిగా నిండిపోయి మూత్రాశయాన్ని నొక్కుతుంది. అప్పుడు మూత్రం పూర్తిగా ఖాళీ కాదు. మిగిలిపోయిన దాంట్లో క్రిములు ఇంకా పెరుగుతాయి. ఆడపిల్లల్లో మూత్రనాళం పొట్టిగా ఉంటుంది కాబట్టి లోపలికి పాకడం తేలిక. ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా వెళ్తే చలితో జ్వరం, కడుపులోనో నడుము పక్కనో నొప్పి. మంట ఉందని చెప్పే పిల్లలుంటారు, చెప్పనివాళ్లూ ఉంటారు. చాలామంది ‘కడుపు నొప్పి’ అనే చెప్తారు.

“మూత్రం పరీక్ష ఒకసారి చేసిండ్రు మేడం, ఏం లేదన్నరు” అంది చెల్లెలు. ఆమె తేదీ చూసింది. అది ఆగస్టులో ఇంజెక్షన్లు మొదలైన మూడో రోజు చేసిన పరీక్ష. అప్పటికే క్రిములు చచ్చిపోయి ఉంటాయి, ఏం దొరుకుతుంది?

ఇక్కడే నాకు మొత్తం ఏడు నెలల కథ అర్థమైంది. టైఫాయిడ్ అని ఇచ్చిన ఇంజెక్షనే మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు కూడా పనిచేస్తుంది. కాబట్టి జ్వరం తగ్గింది. జ్వరం తగ్గింది కాబట్టి టైఫాయిడేనని అందరూ నమ్మారు. మూత్రం బిగబట్టడం, మలబద్ధకం అలాగే ఉన్నాయి కాబట్టి నెలకో నెలన్నరకో మళ్లీ వచ్చింది. మందు పనిచేసినంత మాత్రాన జబ్బు పేరు సరైనదని కాదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు, ఈ వ్యాసం మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు.

ఆరోజు ఏ యాంటీబయాటిక్ కూడా రాయలేదు. మలబద్ధకానికి మందు ఇచ్చి, “మళ్లీ జ్వరం వస్తే ఎక్కడా ఏ సూదీ వేయించకుండా, మాత్ర వేయకుండా నేరుగా రండి. జ్వరానికి పారాసిటమాల్ వరకు వేయొచ్చు” అంది. పదకొండో రోజు రాత్రి 103 వచ్చింది. తెల్లారేదాకా తడిగుడ్డ వేస్తూ చెల్లెలు కూర్చుంది. ఐదింటికే బయల్దేరారు. శుభ్రంగా కడిగించి, మొదట వచ్చే మూత్రం వదిలేసి మధ్యలో వచ్చేది స్టెరైల్ డబ్బాలో పట్టించారు. ఆ తర్వాతే మందు మొదలుపెట్టారు. రెండు రోజులకు కల్చర్ రిపోర్టు వచ్చింది. ఈ-కోలై, మిల్లీలీటరుకు లక్షకు పైన. పేగుల్లో ఉండే మామూలు క్రిమే అది, ఉండకూడని చోట ఉంది.

అంటే టైఫాయిడూ కాదు, టీబీ కూడా కాదు.

జబ్బు లేని నొప్పి, జబ్బున్న నొప్పి

ఇది చదివి కడుపునొప్పి అన్న ప్రతి పిల్లనూ పరీక్షలకు తిప్పకండి. 1958లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జాన్ ఆప్లీ, నోరా నైష్ అనే ఇద్దరు వైద్యులు వెయ్యి మంది బడిపిల్లలను పరిశీలించారు. దాదాపు పది మందిలో ఒకరికి మాటిమాటికీ కడుపునొప్పి ఉంది. మూడు నెలల్లో కనీసం మూడుసార్లు, పిల్ల పని మానేసి పడుకునేంత నొప్పి వస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమందికి ఏ అవయవంలోనూ జబ్బు లేదు. అలాగని వాళ్లు నటించలేదు. నొప్పి నిజమే, బొడ్డు చుట్టూ వస్తుంది, పోతుంది. ఆప్లీ చెప్పిన ఒక గుర్తును డాక్టర్లు ఇప్పటికీ తలచుకుంటారు. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే, లోపల జబ్బు ఉండే అవకాశం అంత ఎక్కువ.

నొప్పితో పాటు జ్వరం కూడా మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం అది వేరే సంగతి. బరువు పెరగకపోవడం, నిద్రలోంచి లేపేంత నొప్పి, ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, కళ్లు పచ్చబడటం, కీళ్లనొప్పులు, నోట్లో పుండ్లు కనిపించినా అంతే. కారణం తేలేదాకా వదలకూడదు. కొందరు పిల్లల్లో గడియారం పెట్టినట్టు సరిగ్గా ఇన్ని వారాలకని వచ్చే జ్వరాలుంటాయి. అవి అరుదు. వాటిని కూడా తేదీలు రాసుకున్న తల్లులే ముందు పట్టుకుంటారు.

మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి ఉంటే, మాకు పనికొచ్చినవి చెప్తాను.

జ్వరం ఏ రోజు, ఎంత, ఎన్ని రోజులు, ఏ మందు వేస్తే ఎప్పుడు తగ్గింది అన్నవి రాయండి. నోట్‌బుక్కే అక్కర్లేదు, క్యాలెండర్ చాలు. పిల్ల ఒంటేలుకు, దొడ్డికి పోయే లెక్క కూడా అందులోనే రాయండి. పాత చీటీలు, రిపోర్టులు తేదీల వరుసలో ఒకే సంచిలో పెట్టుకోండి. డాక్టరు మారినా సంచి మారకూడదు.

యాంటీబయాటిక్ రాస్తున్నప్పుడు గౌరవంగానే ఒక మాట అడగండి. “సార్, మందు మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్, యూరిన్ కల్చర్‌కు నమూనా తీసుకుంటారా?” అడిగితే కోప్పడే డాక్టర్లు ఉండొచ్చు, సంతోషించేవాళ్లే ఎక్కువమంది. పిల్ల మత్తుగా పడిపోతున్నా, మూర్ఛ వచ్చినా, నీళ్లు కూడా నిలవకపోయినా ఫలితాల కోసం ఆగేది లేదు. వెంటనే మందు పడాలి. అప్పుడైనా నమూనా తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొని వేయడం మాత్రం వద్దు. టైఫాయిడ్ టీకా వేయించారో లేదో మీ పిల్లల డాక్టరుతో ఒకసారి సరిచూసుకోండి.

గొళ్లెం సంగతి

పిల్లకు పది రోజులు మందు వాడారు. తర్వాత రెండు మూడు గంటలకోసారి ఒంటేలుకు పోవాలని, తొందరపడకుండా పూర్తిగా పోవాలని, పొద్దున పాలు తాగాక పది నిమిషాలు దొడ్డికి కూర్చోవాలని చెప్పారు. మలబద్ధకం మందు నెలల తరబడి వాడాలన్నారు. ఆర్నెల్ల తర్వాత కిడ్నీల స్కాన్ తీస్తే ఎడమ కిడ్నీ మీద చిన్న మచ్చ కనిపించింది. ఒకటి కంటే ఎక్కువసార్లు ఇన్‌ఫెక్షన్ పైకి పాకిన గుర్తు అది. ఇక అది పోదు. మిగతా కిడ్నీ బాగానే ఉంది, పిల్ల పెరుగుతుంది, ఆడుకుంటుంది, కానీ బీపీ అప్పుడప్పుడూ చూపించుకుంటూ ఉండాలి. ఇంకో ఏడాది ఇలాగే గడిచి ఉంటే ఎన్ని మచ్చలయ్యేవో ఎవరు చెప్పగలరు?

రెండు మూడు గంటలకోసారి పొమ్మని డాక్టరు చెప్తే సరిపోదు, పోవడానికి చోటుండాలి కదా. చెల్లెలు, నేను, ఇంకో ముగ్గురు తల్లులం కలిసి బడికి వెళ్లాం. ‘ఇన్నేళ్లలో ఎవరూ కంప్లైంట్ చేయలేదమ్మా’ అన్నారు అక్కడ. ఎనిమిదేళ్ల పిల్లలు కంప్లైంట్ ఎలా చేస్తారు? వాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, అంతే. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఆరు నెలల గడువు పెట్టి మరీ చెప్పింది. కట్టిన గదులు చాలా బడుల్లో ఉన్నాయి. తలుపుకు గొళ్లెం, కుళాయిలో నీళ్లు, రోజూ కడిగే మనిషి ఉన్నారా అన్నదే ప్రశ్న. కేరళ బడుల్లో 2019లో నీళ్ల గంట మొదలుపెట్టారు. గంట కొట్టగానే పిల్లలంతా నీళ్లు తాగాలి. మంచి ఆలోచనే. తాగిన నీళ్లు పోయే చోటు కూడా శుభ్రంగా ఉంటేనే పిల్లలు ఆ నీళ్లు ధైర్యంగా తాగుతారు.

వారంలో గొళ్లేలు బిగించారు. నీళ్లు మధ్యాహ్నం తర్వాత ఇప్పటికీ సరిగ్గా రావు, దాని కోసం తిరుగుతూనే ఉన్నాం. క్లాసు టీచరమ్మ మాత్రం మా పిల్ల అడగకముందే పదిన్నరకు, ఒంటిగంటకు, రెండున్నరకు పంపిస్తోంది. ఒక్కదాన్నే పంపితే సిగ్గుపడుతుందని ఆడపిల్లలందరినీ పంపిస్తోందట. ఆవిడకు చెయ్యెత్తి మొక్కాలి.

ఈ వారం మీ ఇంట్లో బడికి పోయే పిల్లలుంటే మార్కుల సంగతి తర్వాత, ముందు ఈ రెండూ అడగండి. బడిలో నీళ్లు ఎన్నిసార్లు తాగుతున్నావు? ఒంటేలుకు ఎక్కడికి పోతున్నావు? పిల్లలు ఏం చెప్పారో, బడిలో ఏం కనిపించిందో నాకు రాయండి. పేర్లు లేకుండా ఇక్కడే వేద్దాం.